మూడు చుక్కల గుర్తు

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాసేది. ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలని బళ్ళో నేర్పారు. చెల్లి క్షేమం. ఇల్లు క్షేమం. నేను వేళకు తింటున్నాను. మీరు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడానికి మాత్రం కలం కదలడం లేదు. నాన్న కాలు ఉంచాలో తీసేయాలో వారంలో తేలుస్తామన్నారని నువ్వు రాయించిన ఉత్తరం చదివాక ఆ మాట ఎలా రాయను?

నువ్వు చెబుతుంటే ఓపిగ్గా రాసిపెట్టిన నర్సమ్మగారికి నా నమస్కారాలు. ఇది కూడా ఆవిడే చదివి వినిపిస్తారు. నాన్న మంచం మీద నుంచి వింటాడు. అందుకని ముందు మీరిద్దరూ అడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను.

చెల్లికి జ్వరం తగ్గింది. నోరు తగ్గలేదు. తలుపుకి లోపలి వైపు ఇంకో రెండు గడియలు వెల్డింగ్ చేశాను. అది చూసి, "అక్కా, ఇక దొంగలు లోపలికి రాలేరు సరే, మనం బయటికి పోవాలన్నా గోడ పగలగొట్టుకోవాలి" అంది. వంటింటి రేకు కారడం లేదు. నీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంచాను.

షెడ్డులో నాకు పని నేర్పే మసి తాత ఒక్కసారైనా చూడ్డానికి రాలేదేమని నాన్న అడిగాడట. తాత మన వెల్డింగ్ షెడ్డులో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టారు. రాలేకపోయినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

తను పడ్డాక ఏం జరిగిందో ఎవరూ చెప్పడం లేదని నాన్న విసుక్కుంటున్నాడని రాయించావు. నేను చెబుతాను. ఆ రోజు అన్నం డబ్బా తీసుకుని నేను మార్కెట్ యార్డులోనే ఉన్నాను కదా. కాటా అరుగు మీద నిలబడి ఉన్నాను. రెండో గేటు దగ్గర లారీ సరుకు దింపేది పాత జట్టా కొత్త జట్టా అని మాటలు మొదలైనంతవరకు నాన్నకు తెలుసు. మూటలు మోసే చేతులన్నీ నిన్నటిదాకా ఒకే జట్టు. ఒకరి బీడీ ఒకరు ముట్టించుకున్నవాళ్ళు. కొత్త జట్టువాళ్ళు గోనెపట్టాల్లో చుట్టి తెచ్చినవి విప్పారు. కర్రలు. కర్రల చివర ఇనుము. ఆ తర్వాత మాటలు లేవు.

నాన్న పడింది రెండో లారీ చక్రం దగ్గర. పొడిచినవాడు వెనక్కి లాగితే కర్ర విరిగి చేతికొచ్చింది, మొన తొడలోనే ఉండిపోయింది. వాడు ఆ విరిగిన కర్రతోనే ఇంకో ఇద్దరి మొహాలు పగలగొట్టాడు. కాటా రాసేవాడు బల్ల కింద దూరితే కాళ్ళు పట్టి బయటికి లాగి, తూకపు గుండుతో మోకాలి చిప్ప మీద కొట్టారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది, ఎండు కొమ్మ విరిగినట్టు. మన జట్టువాళ్ళు కూడా ఊరుకోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? మూటలెత్తే కొక్కేలు పట్టుకుని దూకారు. ఒకడి చెంప పెదవి దాకా చీలిపోయింది. వాడు దాన్ని అరచేత్తో పట్టుకుని, పళ్ళు కనిపిస్తుండగా నడుచుకుంటూ పంపు దగ్గరికి వెళ్ళి కడుక్కున్నాడు. పావుగంట కూడా పట్టలేదు. ఆ పావుగంటలో ఎనిమిది మంది లేవలేని స్థితికి వచ్చారు.

ఉల్లిపాయల గోదాము పెద్దాయన పోయారు. నాన్నకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. ఆయన ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ చాపి "ఆగండ్రా, ఆగండి" అంటూ మధ్యకు వచ్చారు. మొన కడుపులోకి దిగింది. మూటకు ఆనుకుని కూర్చున్నారు, మంచినీళ్ళు అడిగారు. నేను ఇచ్చాను. మింగలేదు. నాన్నా, నువ్వు ఏడవకు, కుట్లు లాగుతాయి.

షెడ్డు తెరుస్తున్నావా అని అడిగావు నాన్నా. తెరుస్తున్నాను. ఆఫీసు ఉద్యోగం మానేస్తానన్నప్పుడు, "ఫ్యాను కింద కూర్చునే పని వదిలేసి నిప్పురవ్వల కింద కూర్చుంటానంటావేంటే? మన వంశంలో మొదటిసారి ఒక మనిషి చేతికి కాయ కాయకుండా బతుకుతోందని నేను సంతోషపడుతుంటే" అన్నావు. రెండున్నరేళ్ళు ఆ ఫ్యాక్టరీ మేడ మీద గాజు కిటికీ వెనక కూర్చుని పటాలకు నకళ్ళు తీశాను. కింద అవే పటాలు గేట్లయ్యేవి, మెట్లయ్యేవి, నీళ్ళ ట్యాంకుల కాళ్ళయ్యేవి. నా చేతిలో ఎప్పుడూ కాగితమే మిగిలేది. ఏదో ఒకటి నా చేతులతో చేయాలన్న ఆశే నన్ను కిందికి దింపింది. నేను చేసిన మొదటి గేటు చూడ్డానికి వచ్చి నువ్వు ఇరవైసార్లు తెరిచి మూశావు. ఇంటివాళ్ళు బయటికి వచ్చి "ఎవరు కావాలండీ?" అని అడిగారు. "ఎవరూ వద్దు, గేటే కావాలి" అన్నావు. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది నాన్నా. నువ్వు విశ్రాంతి తీసుకో.

నర్సమ్మగారూ, దయచేసి ఇక్కడ ఆపండి. మిగతాది మా అమ్మను వరండాలోకి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి చదవండి. నాన్న అడిగితే ఇంటి సంగతులని చెప్పండి. ఈ మాటలు మీ నోటితో చెప్పించాల్సి వస్తున్నందుకు నన్ను క్షమించండి.

అమ్మా, కూర్చున్నావా?

నీ ఉత్తరం చివర నువ్వడిగిన ఒక్క దానికి పైన జవాబు రాయలేదు. "ఇలాంటివి ఎవరు చేస్తారే? కాస్త ఇనుము పని తెలిసినదానివి కదా, చెప్పు. మనిషిలో దిగడానికే చేసిన ఆ చేతులు పడిపోను" అన్నావు. నర్సమ్మగారు నీ మాట ఒక్కటి కూడా మార్చకుండా రాశారు.

నేను చేశాను.

అక్కడే ఉండు, లేవకు. మొత్తం విను.

మూడు నెలల కిందట గొలుసు మేస్త్రీ షెడ్డుకి వచ్చాడు. మెడలో లావుపాటి గొలుసు ఉంటుంది కదా, అప్పటికింకా అతను నాన్న జట్టులోనే ఉన్నాడు, వేరు పడి కొత్త జట్టు కట్టలేదు. "మీ నాన్న ఊరంతా టముకేస్తున్నాడు, నీ పని చూద్దామని వచ్చాను" అన్నాడు. యార్డు గోడ మీద దొంగలు ఎక్కకుండా బల్లెం మొనలు కావాలన్నాడు, నలభై. గోడల మీద, గేట్ల మీద ఉండే మొనలు నీకు తెలుసు. అడుగు చదునుగా ఉంటుంది, ఇనప ఊచ మీద పెట్టి అతికిస్తాం. ఇతను అడుగున గొట్టం కావాలన్నాడు. గొట్టానికి అడ్డంగా మేకు దూరేంత బెజ్జం. గోడ పాతది, ఊచల బరువు ఆగదు, కర్రలు పాతి వాటికి తొడుగుతామన్నాడు.

తాత అప్పుడే అన్నాడు. "అమ్మాయీ, గోడ మీద కూర్చునేదానికి గొట్టం దేనికే? గొట్టం ఉన్నది చేతికి వస్తుంది."

"గోడ బరువు ఆపదట తాతా."

"గోడ ఆపదు సరే, నువ్వు ఆపవచ్చుగా."

నేను నవ్వేశాను. నాకంటే ఆయనకు నలభై ఏళ్ళ అనుభవం ఎక్కువ. నాకు చదువు ఎక్కువ అనుకున్నాను. పటం గీశాను, కొలతలు వేశాను. ఆఫీసులో నేర్చుకున్నట్టు, మేస్త్రీ చేత పటం కింద సంతకం పెట్టించాను. ఒకటి నమూనా చేసి ఇచ్చాను.

వారానికి దాన్ని వెనక్కి తెచ్చాడు. మొన గొట్టం నుంచి సగం ఊడి వేలాడుతోంది. "గట్టిగా తగిలితే ఆగట్లేదమ్మాయీ" అన్నాడు. అతుకు సందులో ఏదో ఇరుక్కుని ఉంది. వేలితో లాగాను. గోనెనార. రెండు మూడు పోగులు.

అమ్మా, గోడ మీద ఉండేదానికి గోనెనార ఎందుకు అంటుకుంటుంది? గోడకు ఏం తగులుతుంది గట్టిగా? ఆ పోగులు నా వేళ్ళ మధ్య ఉన్నాయి. మూటలు మోసేవాడి కూతురిని, గోనె తెలియదా నాకు? ఏ మూటనో వేలాడదీసి పొడిచి చూశారని ఆ క్షణంలో నా లోపల ఎక్కడో తెలిసింది. తెలిసినదాన్ని అడగలేదు. అతుకు ఊడిందన్న అవమానం ఒక్కటే కనబడింది నాకు. "ఆడపిల్ల అతుకు" అంటారేమోనని. తీగ బ్రష్షు పెట్టి ఆ నార శుభ్రంగా రుద్దేశాను.

రుద్దేసి, బాగు చేశాను. గొట్టాన్ని రెండు పక్కలా చీల్చి, మొనను అంగుళం లోపలికి దింపి, రెండు వైపులా అతికాను. తాత సుత్తి తీసుకుని ఐదు దెబ్బలు కొట్టాడు, ఊడలేదు. నన్ను మెచ్చుకోలేదు. సుత్తి కింద పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ రోజు చాలా సంతోషంగా ఇంటికొచ్చాను. "ఏంటే, మొహం వెలిగిపోతోంది?" అని నువ్వు అడిగావు కూడా. నలభైకి నలభై అలాగే చేశాను.

కాటా అరుగు మీద నిలబడి ఉన్నప్పుడు, గోనెపట్టాలు విప్పగానే నేను గుర్తుపట్టాను. ఎవరూ చెప్పనక్కర్లేదు. కన్నబిడ్డను వీపు చూసి గుర్తుపట్టినట్టు. నేను అరిచి ఉంటే నాన్న వెనక్కి తిరిగేవాడేమో. నాన్న తొడలో కర్ర విరిగిందే గానీ మొన ఎందుకు ఊడలేదంటే, నేను బాగు చేశాను కాబట్టి. మొదటిసారి చేసినట్టు చేసి ఉంటే, ఎముక దాకా పోకముందే వంగిపోయేది.

పైన ఇంకో అబద్ధం రాశాను. తాత జారిపడలేదు.

గొడవ జరిగిన మూడో రోజు మధ్యాహ్నం గొలుసు మేస్త్రీ ఇద్దరిని వెంటబెట్టుకుని షెడ్డుకి వచ్చాడు. ఒక గోనెసంచి తెచ్చి నా కాళ్ళ దగ్గర కుమ్మరించాడు. మొనలు. "కడిగి తెచ్చే తీరిక లేకపోయింది" అన్నాడు. వాటికి అతుక్కుని జుట్టు ఉంది అమ్మా.

"మీ నాన్నకెలా ఉంది?" అని అడిగాడు, ఇంటికి చుట్టమొచ్చి అడిగినట్టు. "పనికి మాత్రం వంక లేదు. మావాళ్ళు కర్రలు విరగ్గొట్టుకున్నారు గానీ నీ ఇనుము ఒక్కటంటే ఒక్కటి ఊడలేదు." ఈ పని మొదలుపెట్టాక నన్ను అంతగా మెచ్చుకున్నది అతనొక్కడే.

నేను చేసే ప్రతి వస్తువుకీ అడుగున ఒక గుర్తు కొడతానని నీకు తెలియదు. సన్న పంచ్ పెట్టి మూడు చుక్కలు. నా పంచ్ కొన విరిగి ఉంది, అందుకని మూడూ గుండ్రంగా పడవు, గోరు గుచ్చినట్టు పడతాయి. ఆ మొనల మీదా కొట్టాను, గొట్టం అంచున. ఇంకెవరూ చేయలేదు, నేనే చేశానని గొప్ప. మేస్త్రీ అది కనిపెట్టాడు. "వీటన్నిటినీ అరగదియ్. గుర్తు ఉండకూడదు. మా మంచికీ నీ మంచికీ కూడా" అన్నాడు.

"చెయ్యదు" అన్నాడు తాత. నేను నోరు తెరిచేలోపే. "బయటికి నడవరా, గొలుసు కట్టిన కుక్కా" అన్నాడు.

ఇద్దరూ తాతను పట్టుకున్నారు. ఆయన కుడిచెయ్యి ఇనుము కొట్టే దాగలి మీద చాపి ఆనించారు. దెబ్బ వేసింది మేస్త్రీ. తాత సుత్తితోనే. ఒకటి కాదు, మూడు. మొదటిదానికి తాత అరిచాడు. రెండోదానికి అరవలేదు. మూడోది అనవసరం. ఆయన వేళ్ళలో రెండు ఇక ఎప్పటికీ ముడుచుకోవట. నలభై ఏళ్ళు రాడ్డు పట్టిన చెయ్యి.

"ఇప్పుడు నీ చేతులు బాగానే ఉన్నాయి కదా, మొదలుపెట్టు" అన్నాడు నాతో.

మొదలుపెట్టాను. తాత నేల మీద చెయ్యి పొట్టలోకి దాచుకుని దొర్లుతుంటే, గ్రైండరు పెట్టి ఒక్కొక్కటే అరగదీశాను. చక్రం తగలగానే ఎండిన రక్తం మాడే వాసన. ముప్ఫై తొమ్మిది అయ్యేసరికి నా ముక్కులో, నాలుక మీద, అన్నం మెతుకు మీద అదే వాసన. ఇప్పటికీ పోలేదు. మధ్యలో ఒకసారి ఆ తిరిగే చక్రాన్ని వాడి మెడ మీద పెడదామనిపించింది. గొలుసుతో సహా తెగుతుంది. రెండు అడుగులు చాలు. చెల్లి ఇంట్లో ఒక్కతే ఉందని గుర్తొచ్చి మళ్ళీ ముక్క మీదే పెట్టాను. ఇది కూడా నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

అన్నీ లెక్కపెట్టుకుని, "నలభయ్యోది మీ నాన్నలో పోయింది. అది ఎక్కడుందో నువ్వే కనుక్కో" అన్నాడు. సంతకం పెట్టిన పటం తీసుకుని నా ముందే కాల్చాడు. పోతూ పోతూ, "చెల్లెలు బాగుందా?" అన్నాడు. గడియలు అందుకే వేశాను.

అతనికి తెలియనిది ఒకటుంది. రెండున్నరేళ్ళ ఆఫీసు ఉద్యోగం నాకిచ్చిన ఒకే ఒక్క అలవాటు, ఏ పటం గీసినా కింద కార్బను పెట్టడం. మేస్త్రీ సంతకం రెండో కాగితం మీద కూడా పడింది. అది నా దగ్గరుంది. కానీ కాగితం ఒక్కటే ఉంటే గోడకు చేయించుకున్నానంటాడు. మనిషిలోంచి తీసిన మొన, దాని మీద నా గుర్తు, ఆ కాగితం, మూడూ ఒకచోట చేరితేనే అతను తప్పించుకోలేడు. పోలీసులకు విరిగిన కర్రలే దొరికాయి. గుర్తున్న మొన ఈ లోకంలో ఒక్కటే మిగిలింది. అది డాక్టరు నాన్న తొడలోంచి తీసి, పోలీసులు వస్తే ఇవ్వమని నీ చేతిలో పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదన్నావు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. అడుగుతాను.

రేపు పొద్దున పది గంటలకు తాత, నేను స్టేషనుకు వెళుతున్నాం. కొత్తగా వచ్చిన ఇనస్పెక్టరమ్మ చేతికే కాగితం ఇస్తాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, గోనెనార సంగతితో సహా. ముందు నన్నే లోపల వేస్తారని తాత అంటున్నాడు. "వేస్తే వేయనీ, కిటికీ ఊచల అతుకులు సరిగా ఉన్నాయో లేదో చూసి రా" అన్నాడు. ఆ విరిగిన చేత్తో ఆయన జోకులేస్తుంటే నేను నవ్వలేక, ఏడవలేక ఉన్నాను. చెల్లిని ఈ సాయంత్రమే తాత కూతురింటికి పంపేస్తున్నాను. ఈ ఉత్తరం తెచ్చి ఇచ్చిన లారీ డ్రైవరు తాత అల్లుడే, నమ్మదగినవాడు. కానీ ఆ ముక్క అతనికి కూడా ఇవ్వొద్దు. నేను పంపానని ఎవరు వచ్చి అడిగినా ఇవ్వొద్దు. ఇనస్పెక్టరమ్మ స్వయంగా వస్తేనే ఇవ్వు.

నన్ను కాపాడాలని మాత్రం దాన్ని ఏ కాలవలోనో పడేయకు అమ్మా. పడేయాలనిపిస్తుంది. నీ గురించి నాకు తెలియదా? ఒక చేతిలో మొగుడి రక్తం, ఇంకో చేతిలో కూతురు. ఆ ఉల్లిపాయల పెద్దాయన చేతులు రెండూ చాపే చనిపోయారు, వాటిలో ఏమీ లేదు. ఆయన్ని తలుచుకుని ఇచ్చేయి. నాన్నకు నేనే చెబుతాను, ఎదురుగా కూర్చుని. అంతవరకు నువ్వు చెప్పకు.

ఇంకొక్క మాట.

"మీ అమ్మగారు రాత్రీ పగలూ ఆ ఇనప ముక్కను చేతిలోనే పెట్టుకుని, దాని అంచును బొటనవేలితో తడుముతూ కూర్చుంటున్నారు, కాస్త నిద్రపొమ్మని మీరైనా చెప్పండి" అని నర్సమ్మగారు ఉత్తరం చివర తన మాటగా రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు.

నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు బళ్ళో అందరి అన్నం డబ్బాలూ ఒక్కలాగే ఉండేవి. మిగతా పిల్లల డబ్బాల మీద పేర్లు చెక్కి ఉండేవి. నీకు అక్షరాలు రావు. మేకు, రాయి తీసుకుని నా డబ్బా అడుగున మూడు చుక్కలు కొట్టావు. మేకు వంకరది, చుక్కలు గోరు గుచ్చినట్టు పడ్డాయి. "చీకట్లో తడిమినా ఇది నా పిల్లదే అని తెలియాలి" అన్నావు. షెడ్డు పెట్టిన రోజు గుర్తు ఏం పెట్టుకుందామా అని నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. పంచ్ కొన విరిగినా మార్చకపోవడానికి కారణం కూడా అదే.

పన్నెండు రోజులుగా ఆ మూడు చుక్కలు నీ బొటనవేలి కింద ఉన్నాయి.

ఎవరు చేశారో చెప్పు అని నన్ను అడిగావు. తెలియక అడిగావా అమ్మా, తెలిసే, నా నోటితో చెబుతానో లేదో చూద్దామని అడిగావా?

ఇట్లు,
పడిపోను అని నువ్వన్న చేతులతోనే ఇదంతా రాసిన
నీ పెద్దకూతురు